కల్వర్టు అవతల పదకొండు పోస్టర్లు

ఆ రోజుల్లో నాకు ఈ దేశంలో ఓటు లేదు, ఇల్లు లేదు, సరైన రెయిన్‌కోటు కూడా లేదు. అభిప్రాయాలు మాత్రం దండిగా ఉండేవి. ఇరవై మూడేళ్ళ వయసులో చీరాల నుంచి డండాక్‌కి మాస్టర్స్ చదవడానికి వచ్చాను. వచ్చి పట్టుమని నెల కాకముందే ఐర్లండుకు అధ్యక్షురాలిగా ఎవరు ఉండాలో నాకు స్పష్టంగా తెలిసిపోయింది. ఇవాళ టాలట్‌లో లువాస్ అనే ట్రామ్ రైలు స్టాపు దగ్గర నిలబడి, రైలు మూడు నిమిషాల్లో వస్తుందని బోర్డు చెప్తున్నా పూర్తిగా నమ్మలేని మనిషిని నేను. అంతటి నమ్మకం అప్పుడు ఎక్కడి నుంచి ఊడిపడిందా అని తలుచుకుంటే నాకే ఆశ్చర్యం వేస్తుంది.

నిజం చెప్పాలంటే అది వానలోంచి వచ్చింది. కాలేజీ నుంచి నడిచి వస్తుంటే ఒక సాయంత్రం నిలువునా తడిసిపోయాను. దారిలో చర్చి వాళ్ళ హాలు తలుపు తెరిచి ఉంది, లోపల కెటిల్ పొగలు కక్కుతోంది. వాన తగ్గేదాకా నిలబడదామని లోపలికి వెళ్ళాను. పదిమంది దాకా కూర్చుని ఉన్నారు, అందరూ డెబ్బై దాటినవాళ్ళే. నేను ఎవరినో ఎవరూ అడగలేదు. ఒకాయన నా చేతికి టీ కప్పు ఇచ్చాడు, ఇంకొకావిడ పళ్ళెంలో బన్ను లాంటిది పెట్టింది. ఇదేదో ప్రార్థన కూటం అనుకుని తల వంచుకుని భక్తిగా తింటున్నాను. అంతలో ముందు కుర్చీలో ఉన్న ఆవిడ నా వైపు తిరిగింది. పొట్టిగా కత్తిరించిన తెల్ల జుట్టు, చేతికి మగవాళ్ళ గడియారం. "నీకు ఎత్తులంటే భయమా, పెట్?" అని అడిగింది. (ఇక్కడి పెద్దవాళ్ళు ముద్దుగా 'పెట్' అంటారు. మొదట్లో కుక్కపిల్లను పిలుస్తున్నారేమోనని వెనక్కి తిరిగి చూసేదాన్ని.) ఈ దేశంలో దిగినప్పటి నుంచి చాలా ప్రశ్నలు ఎదుర్కొన్నాను గానీ ఇలాంటిది ఎవరూ అడగలేదు. భయం లేదన్నాను. "గ్రాండ్" అని కాగితం మీద నా పేరు రాసేసుకుంది. అలా నేను అధ్యక్ష ఎన్నికల ప్రచారంలో కార్యకర్తనయ్యాను.

ఆవిడ నలభై ఏళ్ళు పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసి రిటైరైన మనిషి. ఆ ఊళ్ళో ఎవరి ఉత్తరం ఎక్కడి నుంచి వచ్చేదో అన్నీ ఆవిడకు తెలుసు. నేను మనసులో పోస్టమ్మ అని పేరు పెట్టుకున్నాను. ఒకసారి నోరుజారి పైకే అనేసి, అర్థం కూడా చెప్పాల్సి వచ్చింది. కోపం వస్తుందేమో అనుకుంటే, ఆవిడ సంబరపడిపోయి హాలంతా చెప్పుకుంది.

ఎత్తుల సంగతి ఎందుకు అడిగిందంటే, పోస్టర్లు కట్టడానికి నిచ్చెన ఎక్కగలిగే మోకాళ్ళు ఆ గుంపులో ఒక్కరికీ లేవు. నా విషయానికొస్తే, నేను నిచ్చెన మీదే పెరిగాను. మా నాన్నకు చీరాలలో మైక్‌సెట్ షాపు. పెళ్ళికైనా, ప్రార్థన సభకైనా, పార్టీ మీటింగుకైనా స్తంభాలకు మైకు గొట్టాలు కట్టాలి. ఇంట్లో అందరికంటే బరువు తక్కువ నేనే కనుక, పన్నెండేళ్ళప్పుడే నన్ను పైకెక్కించేవాడు. కింద అమ్మ, "ఆడపిల్లని స్తంభాలెక్కిస్తావా, నీకు బుద్ధుందా?" అని అరుస్తూ ఉండేది, అరుస్తూనే నిచ్చెన పట్టుకునేది. ఎన్నికలొస్తే మాకు సీజన్. పొద్దున ఒక పార్టీ, సాయంత్రం దానికి ఎదుటి పార్టీ, రెండింటికీ మా మైకే. కాబట్టి ఎన్నికలంటే నా లెక్కలో చప్పుడు. ఆ అనుభవంతోనే మొదటి మీటింగులో లేచి, కారు మీద మైకు పెట్టుకుని వీధుల్లో తిరుగుదామని సలహా ఇచ్చాను. పోస్టమ్మ కప్పు కింద పెట్టేసింది. "వీధుల్లోనా? జనం ఇళ్ళల్లో ఉన్నప్పుడా?" అంది భయంగా. "ఇళ్ళల్లో ఉన్నప్పుడే కదండీ వినేది" అన్నాను. ఆ హాల్లో అంత నిశ్శబ్దం నేను మళ్ళీ ఎప్పుడూ వినలేదు.

మా అభ్యర్థి పడమటి తీరంలో ఎక్కడో చిన్న బడికి హెడ్మిస్ట్రెస్‌గా చేసినావిడ. ఏ పార్టీ మనిషీ కాదు. పార్టీ అండ లేనివాళ్ళు ఇక్కడ అధ్యక్ష పదవికి నిలబడాలంటే మన జిల్లా పరిషత్తుల్లాంటి కౌంటీ కౌన్సిళ్ళు నాలుగు సరే అనాలి. ఆవిడ తన పాత కారులో ఊరూరూ తిరిగి, సరిగ్గా నాలుగింటిని ఒప్పించింది. ఆవిడ చెప్పేవి మూడే మాటలు. ఇక్కడ ఏళ్ళ తరబడి బతుకుతున్న బయటి దేశాల వాళ్ళకు అధ్యక్ష ఎన్నికలో ఓటుండాలి. సరిహద్దుకు ఉత్తరాన, బ్రిటన్ పాలనలో ఉన్న భాగంలో బతికే ఈ దేశపు పౌరులకూ ఓటుండాలి. అధ్యక్ష భవనం నెలకొక రోజు మామూలు జనానికి తెరిచి, టీ ఇవ్వాలి. (నేను మొదట ఆకర్షితురాలినైంది మూడోదానికే.) "ఆవిడ గెలిస్తే ఇవన్నీ చేసేస్తుందా?" అని పోస్టమ్మను అడిగాను. "లేదు, చట్టాలు చేసే అధికారం అధ్యక్షులకు ఉండదు. చెప్పాల్సింది గట్టిగా, నలుగురికీ వినబడేలా చెప్పగలరు, అంతే" అంది. అంటే మైకన్నమాట! ఆ క్షణం నుంచి మా అభ్యర్థి నా మనిషైపోయింది.

మర్నాటి నుంచి గుమ్మం గుమ్మం తిరిగాను. తలుపు తట్టడం, కరపత్రం ఇవ్వడం, రెండు ముక్కలు చెప్పడం. ప్రతి ఇంట్లోనూ చిరునవ్వుతో "ఆ, గ్రాండ్, గ్రాండ్" అనేవాళ్ళు. ఒక్కో గ్రాండ్‌కి నోటుబుక్కులో ఒక్కో గీత గీసుకుని, వారం తిరిగేసరికి ఎనభై ఆరు ఓట్లు ఖాయమని పోస్టమ్మకు రిపోర్టిచ్చాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "పెట్, 'గ్రాండ్' అంటే తలుపు వేసుకుంటున్నాం, ఏమనుకోకు అని" అంది. ఎనభై ఆరు గీతలూ కొట్టేశాను. ఒక ఇంటాయన మాత్రం గ్రాండ్ అనలేదు. నన్ను తల నుంచి పాదాల దాకా చూసి, "నీకు ఓటుందా?" అన్నాడు. లేదన్నాను. "మరెందుకమ్మా తడుస్తున్నావ్?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. ఆయనకు ఇంకో కరపత్రం ఇచ్చి వచ్చేశాను.

నేను అద్దెకుంటున్నది ఒక తెలుగువాళ్ళ ఇంట్లో, మేడ మీద గదిలో. ఆంటీ ఆసుపత్రిలో నర్సు. అంకుల్ నరసరావుపేటలో లెక్కల మాస్టారుగా ఇరవై ఏళ్ళు చేసి, ఆంటీకి ఇక్కడ ఉద్యోగం రావడంతో వెనకాలే వచ్చి, ఒక గోడౌన్‌లో పనికి కుదిరాడు. ఆ గోడౌన్, చర్చి తప్ప ఊరవతల దారులేవీ ఆయనకు తెలియవు. బెత్తం వదిలినా మాస్టారితనం వదల్లేదు. ఇద్దరికీ అప్పటికే పౌరసత్వం వచ్చింది, ఓటేయబోవడం మాత్రం ఇదే మొదటిసారి. నాకు తెలిసిన తెలుగువాళ్ళలో ఓటున్నది ఆ ఇద్దరికే కనుక, పొద్దున్నే కాఫీ దగ్గర కూడా ప్రచారం చేసేదాన్ని. ఆంటీ, "డ్యూటీ చేసొచ్చి తల పగిలిపోతంటే నీ ఎలక్షన్లేందమ్మాయ్" అని విసుక్కుంటూనే కరపత్రాలు ఆసుపత్రికి తీసుకెళ్ళి పంచేది. అంకుల్‌కి మాత్రం మా అభ్యర్థి హెడ్మిస్ట్రెస్ అని తెలియగానే గౌరవం పుట్టుకొచ్చింది. "టీచరంటే ఆ లెక్క వేరు" అన్నాడు. పోస్టర్లు కట్టడానికి తన కారు కూడా ఇస్తానన్నాడు.

ఆ ఆదివారం చర్చి అయ్యాక బయల్దేరాం. కారు పైన నిచ్చెనను ఆంటీ పాత నేత చీరతో కట్టాం. నిచ్చెన వెనక్కి పొడుచుకొచ్చిందని, మన లారీలకు కట్టినట్టు చివర ఎర్ర జాకెట్టు ముక్క కూడా కట్టింది ఆంటీ. పోస్టమ్మ ముందురోజే దారి చెప్పింది: ఊరు దాటి ఉత్తరం వైపు కొండ దారి పట్టండి, ప్రతి స్తంభానికీ ఒకటి కట్టుకుంటూ బ్రిడ్జి దాకా వెళ్ళండి, బ్రిడ్జి దగ్గర ఆగిపోండి. "ఫోన్లో మ్యాప్ పెట్టమంటారా అంకుల్?" అని అడిగాను. "నలభై మంది పిలకాయల్ని నాగార్జునసాగర్ ఎక్స్‌కర్షన్‌కి తీస్కపోయి, ఒక్కణ్ణి తప్పిపోకుండా తీసుకొచ్చినోణ్ణమ్మాయ్ నేను. మ్యాపేంది మ్యాపు!" అన్నాడు.

సన్నగా తుంపర పడుతోంది. నేను నిచ్చెన ఎక్కి ప్లాస్టిక్ తాళ్ళతో పోస్టరు బిగించడం, అంకుల్ కింద నిలబడి "కుడిపక్క తగ్గింది, సమాంతరంగా లేదు, లెవెల్ చూస్కో" అని దిద్దడం. కొండ దారిలో కొంతదూరం పోయాక ఒక చిన్న వాగు అడ్డం వచ్చింది, దాని మీద మోకాలెత్తు రాతి గోడలు. "అంకుల్, బ్రిడ్జి ఇదేనేమో" అన్నాను. ఆయన కారు ఆపకుండానే ఒక చూపు చూశాడు. "ఇది కల్వర్టు. కల్వర్టుని బ్రిడ్జి అంటారా ఎవరన్నా? బ్రిడ్జంటే స్తంభాలుండాల" అన్నాడు. లెక్కల మాస్టారితో వాదించే ధైర్యం నాకు చిన్నప్పటి నుంచీ లేదు. కల్వర్టు దాటేశాం.

దాటాక అన్నీ బాగానే కనిపించాయి. అదే మా ఇద్దరి ఖర్మ. రోడ్డు అంచున అప్పటిదాకా పసుపు గీత ఉండేది, ఇప్పుడు తెల్ల గీత వచ్చింది. "చూశావా, ఎలక్షన్లని కొత్తగా గీతలేశారు. ఎక్కడైనా ఇదే తంతు" అన్నాడు అంకుల్. స్పీడు బోర్డు మీద నలభై అని ఉంది. "ఇక్కడ బాగా తగ్గించారు, నిదానంగా పోదాం" అని అంకుల్ ఎద్దులబండి నడిపినట్టు కారు నడిపాడు. (ఊళ్ళోలా కిలోమీటర్లు కాదు, అవి మైళ్ళని మాకెవరు చెప్పారు?) నా ఫోనుకు 'స్వాగతం' అంటూ ఏదో మెసేజ్ వచ్చింది. ఈ నెలరోజుల్లో ప్రతి కంపెనీ నాకు స్వాగతం చెప్తూనే ఉంది కనుక, చదవకుండానే తీసేశాను. ఇంకొంచెం ముందుకు పోతే ఒక రాతి గోడలో పోస్టు డబ్బా కనబడింది. ఎర్రది! అచ్చం మా చీరాల గడియార స్తంభం దగ్గర ఉండేదానిలాగే. ఎదురుగా ఉన్న స్తంభానికి, ఉన్నవాటిలో ముడత లేని మంచి పోస్టరు ఏరి మరీ కట్టాను. ఆ ఉత్సాహంలో మొత్తం పదకొండు పోస్టర్లు కట్టేసరికి, చివరికి స్తంభాలున్న బ్రిడ్జి వచ్చింది. "అదీ బ్రిడ్జంటే" అన్నాడు అంకుల్ తృప్తిగా.

పని పూర్తయిందని పోస్టమ్మకు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. అనుకున్నదానికంటే ఎక్కువ దూరం కట్టామని, ఈ రోడ్డు మీద మిగతా అభ్యర్థుల పోస్టర్లు ఒక్కటి కూడా లేవని, మైదానం మొత్తం మనదేనని గర్వంగా చెప్పాను. అటువైపు నుంచి ఆవిడ, "పెట్, దారిలో పోస్టు డబ్బా ఏమైనా చూశావా?" అంది. చూశానన్నాను. "ఏ రంగు?"

"ఎర్రది. చాలా బాగుంది."

"ఏసూ, మరియా, యోసేపూ!" అంది పోస్టమ్మ.

"ఆమెన్" అన్నాడు అంకుల్, ఆవిడ ప్రార్థన మొదలుపెట్టిందనుకుని.

"ఈ దేశంలో పోస్టు డబ్బాలు ఆకుపచ్చవి, పెట్. మీరిప్పుడున్నది ఉత్తరాన. అంటే బ్రిటన్ వాళ్ళ కింద. అక్కడ ఒక్కరికి కూడా మన ఎన్నికలో ఓటు లేదు. అందుకే పోస్టర్లు లేవు." తరువాత మెల్లగా అడిగింది. "నీ వీసా ఏది?"

నా వీసా ఐర్లండుది. చదువుకోడానికి ఇచ్చింది. దాంతో సరిహద్దు దాటకూడదని కాలేజీలో మొదటిరోజే చెప్పారు, నేను బుద్ధిగా రాసుకున్నాను కూడా. గేటు, పోలీసు, తుపాకీ ఏదో ఒకటి ఉంటే తప్ప అది సరిహద్దని ఎలా తెలుస్తుంది? మోకాలెత్తు గోడలున్న వాగును చూసి ఎవరనుకుంటారు? గంటన్నర నుంచి నేను వీసా లేకుండా పరదేశంలో ఉన్నాను. ఉండటమే కాదు, స్తంభాలెక్కి మరీ నలుగురికీ కనబడుతున్నాను. నన్ను విమానం ఎక్కించి పంపేసినట్టు, చీరాల స్టేషన్లో మా నాన్న తలొంచుకుని నిలబడ్డట్టు, వెనకాల ఎవరో "పోస్టర్లు కట్టడానికెళ్ళి పట్టుబడిందంట" అంటున్నట్టు, అన్నీ వరసగా కళ్ళ ముందుకొచ్చాయి. "అంకుల్, వెనక్కి తిప్పండి" అని మాత్రం అనగలిగాను.

వెనక సీట్లో పడుకుని, మిగిలిన పోస్టర్లు మీద కప్పుకున్నాను. నా ముఖం మీద మా అభ్యర్థి ముఖం. అంకుల్‌కి కూడా భయం పట్టుకుంది. భయపడితే ఆయన ఇంకా నిదానంగా నడుపుతాడని అప్పుడే తెలిసింది. అంతలో వెనక నుంచి హారన్ మొదలైంది. ఆగి ఆగి, వదలకుండా. "ఎవరంకుల్?" అన్నాను పోస్టర్ల కింద నుంచి. "తెలవదమ్మాయ్, పెద్ద బండి. మన ఎనకాలే వస్తన్నాడు." "పోలీసులా?" "నువ్వు లెయ్యమాక. ప్రార్థన చేస్కో." కారు మెల్లగా ఎత్తెక్కి దిగినట్టయింది. కల్వర్టు. అంకుల్ బండి ఆపి, "వచ్చేశాం, ఇది మన దేశమే, లెయ్యి" అన్నాడు. ('మన దేశం' అనే మాట ఆయన ఈ దేశం గురించి అనడం నేను అదే మొదటిసారి వినడం.)

తలెత్తి చూస్తే వెనకాల ఒక ట్రాక్టరు. ముందువైపు మట్టి ఎత్తే పెద్ద తొట్టి. అందులోంచి మోకాళ్ళదాకా గంబూట్లు వేసుకున్న పెద్దాయన దిగాడు, డెబ్బై ఏళ్ళుంటాయి. దిగి, కల్వర్టుకు అవతలి వైపే నిలబడి, మా నిచ్చెన నుంచి జారి రోడ్డు మీద ఈడ్చుకుంటూ వచ్చిన చీర కొంగును చూపించాడు. "చక్రంలో పడుతుందేమోనని రెండు మైళ్ళ నుంచి చెప్తున్నాను" అన్నాడు. తరువాత అక్కడి నుంచే కారు వైపు మెడ చాచి చూసి, "ఆ అమ్మాయి పోస్టర్ల కింద ఏం చేస్తోంది?" అన్నాడు. "షి ఈజ్ టేకింగ్ రెస్ట్, సార్" అన్నాడు అంకుల్.

నేను కారు దిగి జరిగిందంతా ఆయనకు చెప్పేశాను. ఏడుపు గొంతుతో చెప్పాననుకుంటాను. ఆయన తొందరపడకుండా విన్నాడు. "నిన్ను పట్టుకోడానికి ఎవరూ రారు. ఇక్కడ తిరిగేది నేను, మా చెల్లెలు, ఇరవై ఆవులు. ఆవులు కూడా ఇటు మేసి అటు నీళ్ళు తాగుతాయి" అన్నాడు. "మీ ఆవిడ గురించి రేడియోలో విన్నాను. నాకు నచ్చింది. కానీ నాకు ఓటు లేదు."

"మీరు ఈ దేశం వాళ్ళు కాదా?" అన్నాను.

"పాస్‌పోర్టు ఈ దేశానిదే. అదిగో, నీ వెనకాల ఆ చిమ్నీ కనబడే ఇల్లు మా అమ్మ పుట్టిల్లు. వాగు అవతల పుట్టాల్సింది, ఇవతల పుట్టాను. అందుకని లేదు. మరి నీకు?"

"నేను ఈ పక్కనే ఉంటాను. కానీ పాస్‌పోర్టు లేదు, అందుకని లేదు."

ఆయన నవ్వాడు. వాగుకు ఆ పక్కన ఆయన, ఈ పక్కన నేను, మధ్యలో మా అంకుల్. ముగ్గురిలో ఓటున్నది అంకుల్ ఒక్కడికే, ఆయనేమో చీర ముడి విప్పుకుంటున్నాడు. "మరెందుకమ్మా ఈ వానలో తడుస్తున్నావ్?" అన్నాడు పెద్దాయన. అదే ప్రశ్న రెండోసారి. ఈసారి జవాబు వెతుక్కోకుండానే వచ్చింది. "ఆవిడ మన గురించి మాట్లాడుతోంది కదండీ" అన్నాను. ఇంగ్లీషులో మేమూ, మనమూ రెండింటికీ ఒకటే మాట. కానీ నేను అన్నది 'మన' అని నాకు తెలుసు. ఒక నెల క్రితం దిగిన చీరాల పిల్లనీ, తరతరాలుగా ఆ కొండ మీద ఆవులు మేపుకుంటున్న మనిషినీ ఒకే మాటలో కలిపేశానని ఆ తరువాత తట్టి సిగ్గేసింది. ఆయనకు వినబడిందో లేదో, టోపీ సర్దుకున్నాడు.

ఇంతలో పోస్టమ్మ తన చిన్న కారులో వచ్చేసింది. ఆవిడ కంగారుకు కారణం వేరే ఉంది. మర్నాడు పొద్దున మా అభ్యర్థి ఉత్తరాన ఎవరినో కలిసి, పత్రికల వాళ్ళను వెంటబెట్టుకుని ఇదే దారిలో డండాక్ వస్తోంది. ఓట్లు లేని చోట అనుమతి లేకుండా పోస్టర్లు కట్టారని బయటపడితే పత్రికల్లో ఆవిడ చెప్పిన మూడు మాటలూ ఎవరూ రాయరు, ఇదే రాస్తారు. ఇప్పుడే తీసేయాలి. నేను మళ్ళీ కల్వర్టు దాటడానికి లేదు. పోస్టమ్మకు తుంటి ఆపరేషన్ అయింది. అందరం అంకుల్ వైపు చూశాం. "నాకు మోకాళ్ళు..." అన్నాడాయన. "నిచ్చెన అక్కర్లేదు" అన్నాడు పెద్దాయన, ట్రాక్టరు తొట్టి వైపు చూపిస్తూ.

ఇరవై ఏళ్ళు పల్నాడు పిల్లలకు లెక్కలు చెప్పిన మాస్టారు, ఆదివారం సూటూ టైతో, కటింగ్ ప్లేయరు చేతబట్టుకుని ట్రాక్టరు తొట్టిలో నిలబడి పరదేశానికి వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. తొట్టి పైకి లేచినప్పుడల్లా "స్తోత్రం! స్తోత్రం!" అని కేక వినబడేది, దిగినప్పుడు ఏమీ వినబడేది కాదు. పోస్టమ్మ, నేనూ కారులో కూర్చుని ఫ్లాస్కులోని టీ తాగాం. "నేను తప్పు చేశాను" అన్నాను. "బ్రిడ్జి అని చెప్పాను. వాగు అని చెప్పాల్సింది. సగం తప్పు నాది" అందావిడ. గంట తరువాత ట్రాక్టరు తిరిగొచ్చింది. లెక్కపెడితే పది పోస్టర్లే ఉన్నాయి. "పదకొండోది మా ఆవుల కొట్టం గోడకు కొట్టుకున్నాను. నా గోడ నా ఇష్టం" అన్నాడు పెద్దాయన. అంకుల్ దిగి, నేలను రెండుసార్లు తొక్కి చూసుకుని, "ఆయన డ్రైవింగ్ బానే ఉంది గానీ బండి లెవెల్లో లేదు" అన్నాడు.

మర్నాడు డండాక్ కూడలిలో మా అభ్యర్థి వచ్చి మాట్లాడింది. చిన్న మనిషి, గొంతు మాత్రం బడి గంటలా ఉంది, మైకు అవసరం లేకుండా. దారిలో ఒక ఆవుల కొట్టం మీద తన ముఖం తనకే కనబడిందని, ఓటు లేనివాళ్ళు తనను గోడకెక్కించుకున్నారంటే తాను చెప్పేది తప్పు కాదన్నమాట అని నవ్వుతూ చెప్పింది. సభ అయ్యాక పోస్టమ్మ నన్ను ముందుకు తోసి, "రెండు దేశాల్లో మన ప్రచారం చేసింది ఈ అమ్మాయే" అని సంగతంతా చెప్పేసింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. "ఎప్పుడైనా ఎవరైనా అడిగితే, నేను పంపానని చెప్పు" అంది. అడిగినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు. ఆ మాట మాత్రం నా దగ్గర అలాగే ఉంది.

ఆవిడ ఓడిపోయింది. కొద్దిలో కాదు, బాగా ఓడిపోయింది. ఫలితాలు చర్చి హాల్లో అందరం కూర్చుని రేడియోలో విన్నాం. పోస్టమ్మ "గ్రాండ్" అని లేచి కప్పులు కడగడం మొదలుపెట్టింది. నేను ఏడుస్తుంటే, ఓదార్చలేదు, తుడవమని టవలు చేతికిచ్చింది. ముఖం అనుకుని నేను ముఖం తుడుచుకున్నాను. ఆవిడ ఉద్దేశం కప్పులట.

ఇంటికొచ్చేసరికి అంకుల్ నా కంటే దిగులుగా ఉన్నాడు. "అంత మంచి టీచర్ని ఓడగొట్టారు గదమ్మాయ్. నేనైతే పదికి తొమ్మిదేశాను" అన్నాడు. ఆంటీ గరిటె పట్టుకుని వంటింట్లోంచి బయటికొచ్చింది. "ఏమేశారు?" అంది. "తొమ్మిది. పదేస్తే గర్వమొస్తది. మిగతావాళ్ళకి నాలుగు, ఐదు, మూడు అట్టా ఏశా." ఇక్కడ బ్యాలెట్ కాగితం మీద మొదట నచ్చినవాళ్ళకు ఒకటి, తరువాతివాళ్ళకు రెండు, అలా అంకెలు వేయాలి; ఒకటి ఎవరికి పడితే ఓటు ముందు వాళ్ళదే. ఈయన మార్కులు వేసొచ్చాడు. ఇక్కడే పుట్టిన వాళ్ళ కూతురు, పదేళ్ళది, హోంవర్కులోంచి తలెత్తి, "నో వే, డాడీ! ఇట్స్ నాట్ ఎ టెస్ట్, లైక్!" అంది. "అయితే చెల్లదన్నమాట, పోన్లెండి" అని ఆంటీ వెనక్కి తిరగబోతూ ఆగింది. "ఎవరికన్నా ఒకటేశారా?" అంది అనుమానంగా. అంకుల్ కాసేపు ఆలోచించాడు. "పోటీలో ఒక వ్యాపారస్థుడున్నాడు గదా, ఆయనకేశా. అస్సలు నచ్చలా. సున్నా ఏస్తే పిల్లోడు చిన్నబుచ్చుకుంటాడని ఒకటేశా" అన్నాడు. ఆంటీ గరిటె పక్కనపెట్టి సోఫాలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ ఆవిడకు పొరబోయింది, నాకు మళ్ళీ కన్నీళ్ళొచ్చాయి, ఈసారి వేరే రకం. మొత్తం ప్రచారంలో నేను కచ్చితంగా సంపాదించానని నమ్ముకున్న ఓట్లు రెండు. అందులో ఒకటి ఎదుటివాళ్ళ పెట్టెలో పడింది.

చాలా ఏళ్ళయింది. పోస్టమ్మ ఇప్పుడు లేదు. గంబూట్ల పెద్దాయన ఉన్నాడో లేదో తెలియదు, ఉన్నా ఆయనకు ఓటైతే ఇంకా రాలేదు. ఆ విషయం మీద మాట్లాడుతూనే ఉన్నారు. నేను టాలట్‌లో ఒక ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. పౌరసత్వం వచ్చాక అధ్యక్ష ఎన్నికలో మొదటిసారి ఓటు వేయడానికి మా వీధి చివరి బడికి వెళ్ళాను. గోడల నిండా పిల్లలు వేసిన బొమ్మలు, దారంతో కట్టిన పెన్సిలు. కాగితం మీద పేర్లన్నీ రెండుసార్లు చదివాను. ఫరవాలేదనిపించిన వాళ్ళకు వరసగా అంకెలు వేసి, మడిచి, పెట్టెలో వేశాను. మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

బయటికి వస్తుంటే పక్కింటావిడ ఎదురైంది. "ఎవరికేశావేంటి?" అంది సరదాగా. "అది రహస్యం కదండీ" అన్నాను, ఇక్కడి మర్యాదలో, ఇక్కడి నవ్వుతో. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. నేను గేటు దాకా వచ్చి ఆగాను. ఆ ఇరవై మూడేళ్ళ పిల్లను ఎవరైనా ఈ ప్రశ్న అడిగి ఉంటే ఏమయ్యేదా అనుకున్నాను. పాపం పక్కింటావిడ సాయంత్రం దాకా జవాబు వింటూ ఆ గేటు దగ్గరే ఇరుక్కుపోయేది. దానికి దాచుకోవడానికి ఓటు లేదు, దాచుకోవడం చేతనూ కాదు. ఆ పిల్ల మీద కొంచెం జాలి, అంతకంటే ఎక్కువ అసూయ కలిగాయి. గొడుగు విప్పుకుని ఇంటికి నడిచాను.